ఆపరేషన్ తిరుపతిలో... కోలుకోవలసింది ఆళ్లగడ్డలో!

నంద్యాల: పుట్టి పది రోజులైనా నిండని పసికందుకు గుండె ఆపరేషన్ అంటే ఒకప్పుడు వినడానికే భయం. నేడు అటువంటి పిల్లల్లో చాలామంది బతికి బట్టకడుతున్నారు. అయితే ఆపరేషన్ ముగిసినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. ఆ తర్వాత ఆసుపత్రిలో గడిపే వారాలు, ఇంటికి చేరాక తొలి రెండు నెలలు కూడా అంత ముఖ్యమైనవే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తించవలసి ఉన్నది.

పుట్టే ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8, 9 మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఏడాది లోపే చికిత్స అవసరం. కొందరికి రోజుల్లోనే కావాలి.

మూడో నాటి ముప్పు

తల్లి గర్భంలో బిడ్డకు తెరచి ఉండే ఒక రక్తనాళం పుట్టిన రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. కొన్ని లోపాలున్న బిడ్డకు ప్రాణాధారం ఆ నాళమే. అందుకే పుట్టినప్పుడు బాగున్న బిడ్డ ఇంటికి వెళ్లాక ఒక్కసారిగా నీలం తిరిగిపోవచ్చు.

దీనిని ముందే పసిగట్టే ఉపాయం సులువైనదే. బిడ్డకు 24 గంటలు నిండాక కుడిచేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడాలి. ఏ ఒక్కచోట 90 శాతానికి తగ్గినా వెంటనే వైద్యుడు చూడాలి. రెండుచోట్లా 95 లోపే ఉన్నా, రెండింటికీ తేడా 3 శాతం మించినా పరీక్ష మళ్లీ చేయాలి. లోపం ఉన్నదని తేలితే ఆ నాళం మూసుకుపోకుండా ఆపే మందు ఎక్కిస్తూ పెద్దాసుపత్రికి తరలించవచ్చు.

తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరు 11న తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించడంతో రాయలసీమ వారికి కొంత ఊరట కలిగింది. అయినా ఆళ్లగడ్డ నుంచి కడప మీదుగా అక్కడికి 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలువబడుతున్న పథకం పేద కుటుంబాలకు ఆపరేషన్ ఖర్చులో ఆసరాగా ఉన్నది.

గొట్టాలు చూసి బెదరవద్దు

ఆపరేషన్ తర్వాత బిడ్డను తొలిసారి చూసిన తల్లి గుండె చెరువవుతుంది. నోట్లో శ్వాస యంత్రం గొట్టం, రొమ్ము నుంచి నీరు, రక్తం బయటికి పోయే గొట్టాలు, గుండె లయ తప్పకుండా సన్నని తీగలు ఉంటాయి. గుండె వాచి ఉంటే రొమ్ము ఎముకను వెంటనే కలపక, పైన కప్పు వేసి కొద్ది రోజులు ఆగడమూ కద్దు. ఇవన్నీ చికిత్సలో భాగమే.

బిడ్డ తేరుకునే కొద్దీ గొట్టాలు ఒక్కొక్కటే తీసేస్తారు. తల్లి పిండి ఇచ్చిన పాలను ముందు ముక్కు గొట్టం ద్వారా కొద్దికొద్దిగా పడతారు. ఆ తర్వాతనే రొమ్ము పట్టిస్తారు. పాలు తాగడం, బరువు పెరగడం కుదుటపడ్డాకే ఇంటికి పంపుతారు.

అమ్మమ్మలకో మాట

మన ఇళ్లలో పసిబిడ్డ సంరక్షణ అమ్మమ్మ, నాయనమ్మల చేతిలో ఉంటుంది. రొమ్ము ఎముక అతకడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అంతవరకు బిడ్డను చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. ఒక చేయి తల, మెడ కింద, ఇంకొక చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. కాళ్లు చాపుకుని బిడ్డను బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోయడం, ఒళ్లు పిసకడం డాక్టరు సరేననే దాకా మానాలి. కుట్ల మీద నూనె గాని, పసుపు గాని రాయరాదు. సాంబ్రాణి పొగ అసలే వద్దు. బారసాల నాలుగు వారాలు ఆలస్యమైతే వచ్చే నష్టమేమీ లేదు. జలుబు, దగ్గు ఉన్నవారు బిడ్డను చూడటానికి రాకపోవడమే మేలు.

మందులు చెప్పిన కొలత ప్రకారం, చెప్పిన వేళకే పోయాలి. బిడ్డ కక్కితే మళ్లీ పోయవచ్చునా అన్నది ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకోవాలి. బాగున్నదని సొంతంగా మందు ఆపరాదు. టీకాలు ఎప్పుడు వేయించాలో కూడా అడగాలి.

పాలు తాగుతుంటే నుదుట చెమట పట్టడం, కొద్దిగా తాగి అలసిపోవడం, నిమిషానికి 60 మించి ఊపిరి తీయడం, పెదవులు నీలమవడం, జ్వరం, కుట్ల వద్ద చీము, మూత్రం తగ్గడం... వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఆపరేషన్ కాగితాలు ఎప్పుడూ సంచిలో సిద్ధంగా ఉండాలి. వాటి నకలు దగ్గరి పిల్లల డాక్టరుకు ముందే ఇచ్చి ఉంచడం మంచిది. వారానికొకసారి బరువు తూయించాలి.

నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. ఆళ్లగడ్డ బిడ్డ ప్రతి అనుమానానికీ తిరుపతి పరుగెత్తలేడు. తిరుపతి వైద్యులు సరిచేసిన గుండెను కాపాడుకోవడానికి తల్లికి తోడు దగ్గరలోని వైద్యుడు, ఊళ్లోని ఆశా కార్యకర్త నిలవాలి. ప్రసవం జరిగే ప్రతి చోటా పాదానికి ఆక్సీమీటరు పెట్టి చూడటం ఆనవాయితీ కావాలి. అందుకు పట్టేది అయిదు నిమిషాలు. దక్కేది ఒక నిండు ప్రాణం.