తెరమీఁది పనికిఁ గదలుబొమ్మ

దూరదేశమందున్న కూఁతురు కంప్యూటరు ముందు కూర్చున్న తల్లితో ఫోనులో, "అమ్మా, కుడివైపు పైనున్న గుర్తు నొక్కు" అనును. ఆ గుర్తు తల్లికి కనఁబడదు. రెండవమాఱడుగుటకు సంకోచము, మూఁడవమాఱడుగుటకు సిగ్గు. తుదకు పరులచేతఁ బని చేయించుకొని, బ్యాంకు రహస్యపదమును సైతము వారికి చెప్పుకొనువారు కలరు.

ఇట్టిచోట మాటకంటె బొమ్మ మేలు. తెరమీఁది బాణము ఎచ్చటికిఁ బోయి యేమి నొక్కుచున్నదో యథాతథముగఁ బట్టి, కొలఁది సెకనుల కదలుబొమ్మగాఁ జేసి పంపవచ్చును. దీనిని జిఫ్ అందురు. 1987వ సంవత్సరమున అమెరికాలోని కంప్యూసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ ఆధ్వర్యమున నీ చిత్రరూపము వెలువడెను. ఆ కాలపు తంతిమార్గములు మిక్కిలి మందములు గనుక చిత్రమును కుదించి పంపుటయే దాని ముఖ్యోద్దేశము. ఒక్కొక్క పటము ఎంతసేపు నిలువవలయునో సెకనులో నూఱవపాలు లెక్కన నిర్ణయించు నేర్పాటు 1989లో చేరినది. 1995లో నెట్‌స్కేప్ వారు బొమ్మ ముగిసినంతనే మరల మొదటినుండి యాడునట్లు చేసిరి. ఈ పునరావృత్తియే మనకు గొప్ప యుపకారము. ఎన్నిమాఱులు చూచినను విసుగుకొనని గురువది! ఇంటఁ బెద్దలకు నేర్పునపుడు మనలో నెందఱకు అంతటి యోర్పు గలదు?

విండోస్ కంప్యూటరులందు పనిచేయు స్క్రీన్‌టుజిఫ్ అను సాధనము వెల లేకయే దొరకును. దానిలో రికార్డరును తెఱచినచో నడుమ ఖాళీగల చట్రమొకటి కనఁబడును. చూపవలసిన భాగముమీఁదనే దాని నమర్చి, రికార్డు మీట నొక్కి, పనిని మెల్లగాఁ జేసి ఆపవలెను. పిదప అక్కఱలేని పటములను తీసివేసి, తుదిపటము కొంత యెక్కువసేపు నిలుచునట్లు చేసి, జిఫ్‌గా భద్రపఱుపవలెను. సెకనునకు పది పటములు చాలును. పని పెద్దదైనచో రెండు మూఁడు బొమ్మలుగా విడఁదీయుట మంచిది.

జిఫ్‌లో శబ్దముండదు. ఒక్కొక్క పటమునకు 256 రంగులకు మించవు. కావున అక్షరములు, మీటలు చక్కఁగాఁ దోఁచును గాని, పట్టుచీర నిగనిగలు మరకలు మరకలుగా నగును. అట్టివానికి వీడియోయే తగును.

ఇఁక ముఖ్యమగు సంగతి. ఈ సాధనము మంచిచెడ్డల నెఱుఁగదు. చట్రములోఁ బడినదెల్ల బొమ్మలోఁ జేరును. ఖాతాసంఖ్య, ఓటీపీ, మూలనుండి తటాలున పైకివచ్చు సందేశము, అన్నియు. ఒక్క సెకను కనఁబడినదైనను బొమ్మ మరల మరల నాడును గనుక, చూచువారు దానిని తీరికగాఁ జదువుకొనవచ్చును. పంపిన పిదప అది యెవరెవరి చేతులలోఁ బడునో మన వశము గాదు. కావున పంపుటకు ముందు ప్రతిపటమును విడివిడిగాఁ జూడవలెను. బ్యాంకు పని నేర్పవలసినచో ఖాళీ గడులను చూపి యంతటితో నాపివేయుఁడు; వానిని నింపి చూపకుఁడు.

కన్నులు మందగించిన పెద్దలకు మొట్టమొదట బ్రౌజరులో అక్షరములను పెద్దవి చేసికొను బొమ్మను పంపుట మేలు. కంట్రోల్ మీటను పట్టుకొని ప్లస్ మీట నొక్కిన చాలును. అయితే బొమ్మలో తెర కనఁబడునే గాని కీబోర్డుమీఁది వ్రేళ్లు కనఁబడవు; ఆ రెండు మీటల పేర్లను క్రింద వ్రాసి పంపుఁడు.