నీళ్ళ అడుగున చరిత్ర – ఒడ్డు మీద శిక్షణ



సముద్రానికి సుమారు 300 కిలోమీటర్ల దూరాన, 3000 అడుగుల ఎత్తున ఉన్న బెంగుళూరులో కూర్చుని నీళ్ళ అడుగు పురావస్తుశాస్త్రం నేర్చుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన డాక్టర్ ఎస్.ఆర్. రావు గారు కన్నడిగులే. లోథాల్ తవ్వకాలు జరిపించిన ఆయన, పురావస్తు శాఖ నుంచి పదవీ విరమణ చేశాక, 1981లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో ఈ విభాగాన్ని మొదలుపెట్టారు. 1983 నుంచి ద్వారక తీరాన నీటి అడుగున పరిశోధన జరిపించారు. 2013 జనవరిలో బెంగుళూరులోనే కన్నుమూశారు.

ఈ పని అనగానే మన కళ్ళ ముందు వీపున గాలి సీసా కట్టుకున్న మనిషి మెదులుతాడు. నిజానికి పనిలో ఎక్కువ భాగం ఒడ్డునే, అందులోనూ కాగితాల మధ్యనే జరుగుతుంది. ఎక్కడ వెతకాలో తెలియకుండా సముద్రంలో దిగడం గడ్డివాములో సూది కోసం వెతకడమే కదా.

కాగితాలు ఏం చెబుతాయో చూద్దాం. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. అంతకు ముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా జప్తు చేసేవారు. తాను అలా చేయననీ, సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడు. రాజు శాసనం వేయించవలసి వచ్చిందంటే ఆ తీరాన ఓడలు దెబ్బతినడం అరుదేమీ కాదన్నమాట. ఇక తూర్పు తీరంలోనే ఉన్న కోరంగి రేవును 1839 నవంబరు తుఫాను ముంచెత్తింది. కుంపిణీ కాలపు రికార్డులు మద్రాసు ఎగ్మూరులోని పురాభిలేఖాలయంలో ఉన్నాయి. అవి చదవాలంటే బందరు పేరును దొరలు ఎన్ని రకాలుగా రాశారో తెలియాలి. ఫాదమ్ అంటే ఆరడుగులని, అంటే ఇంచుమించు మన బార అని తెలియాలి. ఇది ఓపికతో వచ్చే విద్య.

ఈ ఓపిక అలవాటు కావడానికి బెంగుళూరు మంచి చోటు. నృపతుంగ రోడ్డులో 1909 నాటి మిథిక్ సొసైటీ ఉంది. రైస్ దొర 1905లో అచ్చువేయించిన బెంగుళూరు, కోలారు జిల్లాల శాసన సంపుటాలు ఉన్నాయి. కోలారు సంపుటంలో మన తెలుగు శాసనాలూ కనిపిస్తాయి. ఒక విద్యార్థి ఆ పుస్తకంలోంచి ఊరి పేరు రాసుకుని, బస్సెక్కి వెళ్ళి, చెరువు కట్ట మీద ఉందన్న రాయి ఇంకా ఉందో లేదో చూసి రావాలి. కొన్ని ఉంటాయి. కొన్ని కట్టలో కలిసిపోయి ఉంటాయి. ఆ సొసైటీవారు 2021 నుంచి శాసనాలను త్రీ-డీ స్కానింగ్ చేయిస్తున్నారు. రాయి పోయినా అక్షరం మిగలాలని వారి ఆశ.

తరువాత కొలతల శిక్షణ. దీన్ని ముందు మైదానంలో నేర్పుతారు, ఆ తరువాత ఈత కొలనులో. మూడు మేకులు పాతి, ఒక్కొక్క మేకు నుంచి వస్తువు దాకా టేపు పెట్టి మూడు దూరాలు రాసుకోవాలి. ఇంటికొచ్చి కాగితం మీద కంపాసుతో మూడు చాపాలు గీస్తే అవి ఒకే చుక్క దగ్గర కలవాలి. చిన్న త్రికోణం ఏర్పడిందా, ఎవరో టేపు తప్పు చదివారన్నమాట! నీళ్ళలో ఈ పద్ధతికి ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, ఎదురుగా ఏమీ కనబడకపోయినా తడుముకుంటూ కొలవవచ్చు. మన చెరువుల నీళ్ళు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? రాయడానికి ప్లాస్టిక్ పలక, మామూలు పెన్సిలు చాలు. పెన్సిలు నీళ్ళలో కూడా రాస్తుంది. కళ్ళద్దాల ముసుగులోంచి చూస్తే మాత్రం ప్రతి వస్తువూ మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే కంటి అంచనాను ఎవరూ నమ్మరు.

స్వచ్ఛందంగా వచ్చినవారు ఎంత చేయగలరో ఇంగ్లండులో తెలిసింది. 1545లో మునిగిన మేరీ రోజ్ యుద్ధనౌకను 1982 అక్టోబరులో పైకెత్తారు. అంతకు ముందు వందలాది వలంటీర్లు మునిగి ఆ చోటు కొలిచి, గీసి పెట్టారు. పైకెత్తడంతో పని అయిపోలేదు. నీళ్ళలో నానిన కొయ్య ఆరితే ముడుచుకుని పగిలిపోతుంది. కాబట్టి మొదట చన్నీళ్ళు, 1994 నుంచి మైనం వంటి రసాయనం, 2013 దాకా ఆ కొయ్య మీద చల్లుతూనే ఉన్నారు. ఈ ఖర్చుకు సిద్ధపడనివారు వస్తువును నీళ్ళలోనే ఉండనివ్వడం మేలు.

మనకు దగ్గరి ఉదాహరణ నాగార్జునకొండ. సాగర్ జలాశయం నిండకముందు, 1954 నుంచి 1960 దాకా ఆ లోయను తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదికీ గట్టు మీదికీ చేర్చారు. మిగిలిన లోయ నీళ్ళ కింద ఉంది. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. రెండోది ఎప్పుడు వచ్చిందనుకుంటున్నారు? 2006లో! ఆ లోయలో ఏ విహారం ఏ స్తూపం పక్కన ఉండేదో ఈనాడు చెప్పగలుగుతున్నామంటే, ఆ రోజుల్లో ఎండలో నిలబడి కొలతలు రాసుకున్నవారి పుస్తకాల వల్లనే.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. వేసవిలో చెరువుల పూడిక తీస్తున్నారు, మంచిదే. కాని యంత్రం కోరకు వీరగల్లుకూ మామూలు బండకూ తేడా తెలియదు. కోలారు, చిత్తూరు, అనంతపురం జిల్లాల్లో మీ చెరువులో అక్షరాలున్న రాయో, పాత తూము రాయో బయటపడితే యంత్రాన్ని కాసేపు ఆపించండి. రాయిని కదపకండి, సున్నం పూయకండి. పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీయండి. తూము నుంచి ఎన్ని అడుగుల దూరమో, ఎంత లోతులో ఉందో రాసుకోండి. తహసీల్దారు గారికీ పురావస్తు శాఖవారికీ తెలియజేయండి. కాలేజీ పిల్లలుంటే ఈ కొలతల పని వాళ్ళకే అప్పగించండి. నీళ్ళున్న చెరువులోకి మాత్రం శిక్షణ లేనివారిని ఎవరినీ దిగనివ్వకండి.