కౌంటుకు రాని రొయ్య: చెరువులోనే సుంకం వసూలు చేస్తున్న సూక్ష్మజీవి

నానక్‌రామ్‌గూడ: సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ఇక్కడి ఆఫీసు భవనాల చుట్టుపక్కల హోటళ్ళలో భోజనం చేసేవారికి రొయ్య అంటే వేపుడు. భీమవరం, నెల్లూరు వర్తకులకు మాత్రం రొయ్య అంటే కౌంటు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. 40 కౌంటు సరుకులో ఒక్కొక్క రొయ్య 25 గ్రాములుంటుంది. 100 కౌంటులో 10 గ్రాములే. రొయ్య పెద్దదైతే కిలో ధర ఎక్కువ, చిన్నదైతే తక్కువ. రైతు లాభనష్టాలు తేలేది ఇక్కడే.

అమెరికా వీసా కోసం మనవారు 2023 నుంచి నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటుకు బారులు తీరుతున్నారు. వనామీ రొయ్యకు ఆ బాధ లేదు. 2023-24లో మన దేశం నుంచి సుమారు 7.16 లక్షల టన్నుల శీతలీకరించిన రొయ్య ఎగుమతి కాగా, విలువ 40 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో 2.97 లక్షల టన్నులు అమెరికాయే కొన్నది. పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు కోస్తా అంతటా అదే మాట. అంతకు చాలా ముందు నుంచే చెరువులో మరొక సుంకం వసూలవుతున్నది. దాన్ని గురించి అంత చర్చ లేదు.

రైతులు దీనిని ఈహెచ్‌పీ అంటారు. పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపీనియై. ఏకకణ పరాన్నజీవి, మైక్రోస్పోరిడియా తెగకు చెందినది. 2009లో థాయిలాండ్ శాస్త్రజ్ఞులు టైగర్ రొయ్యలో దీన్ని గుర్తించి పేరు పెట్టారు. మన దేశంలో వనామీ పెంపకానికి అనుమతి వచ్చినదీ ఆ ఏడాదే. 2016 నాటికి మన చెరువులలోనూ ఇది ఉన్నట్లు శాస్త్ర పత్రికలలో ప్రకటించారు. రొయ్య తెగుళ్ళన్నింటి వల్ల దేశానికి ఏటా సుమారు 100 కోట్ల డాలర్ల నష్టమనీ, అందులో సగానికి పైగా ఈహెచ్‌పీ వల్లనేననీ 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా కట్టింది.

1990 దశకంలో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టిన తెల్లమచ్చ వైరస్ సంగతి పాత రైతులెవరూ మరువలేరు. అది వస్తే రోజుల వ్యవధిలో చెరువు ఖాళీ. ఈహెచ్‌పీ తీరు వేరు. సాధారణంగా రొయ్య చావదు. మేత తింటుంది, ఈదుతుంది, ఎదగదు. చెక్ ట్రే పైకి తీసి చూస్తే ఒకే చెరువులో ఒకటి వేలంత, మరొకటి అందులో సగం. మేత ఖర్చు మాత్రం తగ్గదు. పట్టుబడి రోజున కాటా మీద గాని అసలు నష్టం తేలదు.

ఇలా ఎందుకు జరుగుతున్నదో తెలియాలంటే ఆ జీవి పుట్టుపూర్వోత్తరాలు కొంత చూడాలి. మైక్రోస్పోరిడియా బూజు జాతులకు దగ్గరి చుట్టాలు. లక్షలాది తరాలుగా ఇతర జీవుల కణాలలోనే కాపురముండి, తమకు అక్కరలేని సామగ్రినంతా వదిలించుకున్నాయి. చక్కెరను విరగ్గొట్టి శక్తి తయారుచేసుకునే విద్య దాదాపు ప్రతి జీవికీ ఉంటుంది. ఈహెచ్‌పీ వంశం దానినీ పోగొట్టుకున్నది. రొయ్య కణంలో తయారైన శక్తిని నేరుగా లాక్కునే ద్వారాలు దీని పొరలో ఉన్నాయి. ఆ ద్వారాల జన్యువులు ఏనాడో బాక్టీరియా నుంచి ఈ తెగకు సంక్రమించినవని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పొయ్యి లేని ఇంటివాడు పొరుగింటి వంటతో బతికినట్లు! దీని నివాసం రొయ్య జీర్ణగ్రంథి, అంటే రైతులు లివర్ అనే భాగం. తిన్న మేత ఒంటికి పట్టవలసింది అక్కడే.

సంతానోత్పత్తి పద్ధతి మరీ విచిత్రం. బీజం పొడవు సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. దానిలో గొట్టం లాంటి తీగ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. రొయ్య లోపలికి చేరగానే ఆ తీగ రెప్పపాటులో బయటికి చిమ్ముకుని కణాన్ని పొడుస్తుంది. దాని గుండా బీజంలోని సరుకు కణంలోకి జారుతుంది. అక్కడ అది ఒకే ముద్దగా పెరుగుతూ, కేంద్రకాలను మాత్రం పదేపదే విభజించుకుంటుంది. ఎన్నో సూక్ష్మజీవులు ముందు విడిపోయి తర్వాత అమర్చుకుంటే, ఇది ముద్దలో ఉండగానే తీగలన్నీ తయారుచేసి పెట్టుకుని, అటుపైన బీజాలుగా విడిపోతుంది. కణం పగిలి బీజాలు రెట్టలో కలుస్తాయి. ఆ రెట్టనో, చచ్చిన రొయ్యనో తిన్న తోటి రొయ్యకు తెగులు సోకుతుంది. మధ్యలో నత్త, చేప వంటి మరో జీవి అవసరం లేదు. కిక్కిరిసిన చెరువు దీనికి స్వర్గమే.

ఈ తెగులు పట్టు వర్తకులకు కొత్త కాదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు ఎరిగినవారికి పెబ్రిన్ పేరు తెలిసే ఉంటుంది. అదీ ఈ తెగదే. 1865 నుంచి ఫ్రాన్సులో పాశ్చర్ దానిపై పరిశోధించి చెప్పిన ఉపాయంలో మందేమీ లేదు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూడాలి, తెగులు కనబడితే ఆ గుడ్లను తగలబెట్టాలి. రొయ్యలోనూ దారి అదే: తల్లి రొయ్యనూ, పిల్లనూ పీసీఆర్ పరీక్షకు పంపాలి. హేచరీలలో తల్లి రొయ్యలకు మేపే బతికిన సముద్రపు పురుగుల ద్వారా కూడా బీజాలు వస్తాయి. ఆ మేతను మైనస్ 20 డిగ్రీల చలిలో కనీసం రెండు గంటలు ఉంచితే బీజాలు నశిస్తాయి.

పాత చెరువు మట్టిలో మిగిలిన బీజాలకు సున్నమే విరుగుడు. చెరువు బాగా ఎండబెట్టి, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం చల్లి, 10-12 సెంటీమీటర్ల లోతున దున్ని, తడపాలి. మట్టి పీహెచ్ 12కు చేరాలి. ఖర్చు తక్కువేమీ కాదు. పక్క చెరువు నీళ్ళు గట్టు దాటి వస్తే ఆ ఖర్చూ వృథాయే గనుక, కాలువ పొడుగునా రైతులందరూ ఒకే వేళకు ఎండబెట్టుకుంటే మేలు. పిల్లను పరీక్షించకుండా, చౌకగా వస్తున్నదని వదిలేవారే ఈ తెగులుకు పెద్ద మిత్రులని మా అభిప్రాయం.

తినేవారికి భయమక్కరలేదు. ఈ జీవికి దగ్గరి బంధువైన ఎంటెరోసైటోజూన్ బియెన్యూసి మనుషులకు, ముఖ్యంగా రోగనిరోధక శక్తి తగ్గినవారికి విరేచనాలు కలిగించే మాట నిజం. ఈహెచ్‌పీ మాత్రం మనిషికి సోకదు.