బరువు పెరిగిన ఎముక, బలం తగ్గిన ఎముక

ముంజేతిలో రెండు ఎముకలుంటాయి: రత్ని, అరత్ని. మామూలు మనిషి ఎక్స్‌రేలో ఆ రెండింటి మధ్య ఖాళీ నల్లగా, వాటి అంచులు నున్నగా కనిపిస్తాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెల్లో దశాబ్దాల పాటు బోరునీళ్లు తాగి ఫ్లోరోసిస్ బారిన పడినవారి ఎక్స్‌రేలో ఆ అంచులు గరుకుగా ఉంటాయి. అక్కడక్కడ ఎముక ముళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. రెండు ఎముకలను కలిపే పల్చటి పొరలో కాల్షియం పేరుకుని తెల్లటి చారలు తేలతాయి. ఎముక మొత్తం మామూలు కంటే తెల్లగా, చిక్కగా ఉంటుంది. ఫ్లోరోసిస్‌ను గుర్తించడానికి డాక్టర్లు ముందుగా చూసే చోట్లలో ఇదొకటి.

ఎక్స్‌రేలో తెల్లదనం పెరిగిందంటే ఖనిజం పెరిగిందన్నమాట. ఖనిజం పెరిగితే ఎముక గట్టిపడాలి. మరి ఈ ఎముక ఎందుకు వంగుతోంది, ఎందుకు సులువుగా విరుగుతోంది?

జవాబు ఎముక కూర్పులో ఉంది. దాని బరువులో దాదాపు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. మిగతాది కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు, నీరు. పాత ఇళ్ల మట్టిగోడల్లో గడ్డి కలిపి తొక్కేవారు. మట్టి బరువు మోసేది, గడ్డి పగుళ్లు సాగకుండా పట్టి ఉంచేది. ఎముకలోనూ అంతే. నొక్కుడు బలాన్ని ఖనిజం కాస్తుంది, లాగుడును, వంపును కొలాజెన్ కాస్తుంది. ఏది ఎంత ఉందన్నదే కాదు, ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయన్నది కూడా బలాన్ని నిర్ణయిస్తుంది.

ఫ్లోరైడ్ దెబ్బకొట్టేది ఇక్కడే. హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికంలో హైడ్రాక్సిల్ అయాన్ ఉండే చోట ఫ్లోరైడ్ అయాన్ చక్కగా ఇమిడిపోతుంది. అలా తయారైన స్ఫటికం పెద్దది, అంత తేలిగ్గా కరగదు. పాత ఎముకను తొలిచే కణాలకు అది ఓ పట్టాన లొంగదు. మరోవైపు ఫ్లోరైడ్ కొత్త ఎముకను కట్టే కణాలను రెచ్చగొడుతుంది. అవి హడావిడిగా కట్టిన ఎముకలో కొలాజెన్ పోగులు వరుస తప్పి అల్లుకుంటాయి, కొన్ని చోట్ల ఖనిజం సరిగా పట్టదు. పాతది పోదు, కొత్తది కుదురుగా ఉండదు. ఎముక బరువెక్కుతుంది, పెళుసుబారుతుంది.

ఇది నల్లగొండ పల్లెల్లోనే కాదు, అమెరికాలోని మేయో క్లినిక్‌లో కూడా రుజువైంది. ముట్లుడిగాక ఎముకలు గుల్లబారిన 202 మంది మహిళలపై అక్కడ ఒక పరీక్ష నడిపారు. సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. నాలుగేళ్లలో వారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ వెన్నుపూసలు కాకుండా ఇతర ఎముకల్లో విరుగుళ్లు ఫ్లోరైడ్ తీసుకున్నవారిలో 72, తీసుకోనివారిలో 24. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. సాంద్రత పెరిగితే బలం పెరిగినట్టేనన్న నమ్మకానికి అది పెద్ద ఎదురుదెబ్బ.

నల్లగొండ వారికి ఆ ఫ్లోరైడ్‌ను మందుగా ఎవరూ ఇవ్వలేదు. కాళ్ల కింది రాయే ఇచ్చింది. ప్రపంచంలో గ్రానైట్ రాళ్లలో ఫ్లోరిన్ సగటున కిలోకు 810 మిల్లీగ్రాములు ఉంటే, నల్లగొండ గ్రానైట్లలో 325 నుంచి 3,200 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు భూగర్భ శాస్త్రవేత్తలు కొలిచారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. బీటలు వారిన రాతిలో నీరు ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఉండవచ్చని భారతీయ ప్రమాణం. జిల్లాలో కొన్ని బావుల్లో అది 20 దాకా తేలింది. ఈ జబ్బు గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అలా నల్లగొండ పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది.

ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది. మిగిలిపోయినదాంట్లో 99 శాతం చేరేది ఎముకలకూ పళ్లకే. ఎండలో మట్టి తవ్వే, రాళ్లు మోసే మనిషి తాగే నీళ్లు ఎక్కువ, కాబట్టి ఒంటికి పట్టే ఫ్లోరైడూ ఎక్కువ. నల్లగొండ రైతుకూలీకీ, ఊరూరా తిరిగి కాలువలు, కట్టలు తవ్విన పాలమూరు కూలీకీ ఈ లెక్క ఒకటే. తిండి పాత్ర కూడా ఉంది. అన్నం తినేవారి కంటే జొన్నలు తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1977లో చూపారు. అదే సంస్థలో తర్వాత బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజుల పాటు ఇచ్చి చూస్తే, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది.

పిల్లల ఎముకల్లో ఈ జబ్బు మరో రూపంలో కనిపిస్తుంది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటాయి, మడమలు దూరంగా జరుగుతాయి. దీన్ని డాక్టర్లు జెను వాల్గం అంటారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఫ్లోరైడ్ గ్రామాల్లో కుర్రవయసు వారిలో ఇది కనిపిస్తోందని కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు.

ఈ వంపు ఎందుకు ముదురుతుందో బయోమెకానిక్స్ చెబుతుంది. నిటారుగా నిలబడిన మనిషి తుంటి కీలు నడిమి నుంచి చీలమండ నడిమికి గీత గీస్తే, అది మోకాలి మధ్య నుంచి పోవాలి. నడిచేటప్పుడు అడుగడుగునా మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మోకాలు లోపలికి వంగితే ఆ గీత బయటివైపుకు జరుగుతుంది, భారమంతా మోకాలి బయటి సగం మీద పడుతుంది. పిల్లల ఎముక చివర్లో ఎదుగుదల పలక ఉంటుంది. అతిగా నొక్కుడు పడిన వైపు దాని ఎదుగుదల మందగిస్తుంది, రెండో వైపు సాగుతూనే ఉంటుంది. వంపు భారాన్ని పక్కకు నెడుతుంది, పక్కకు పడిన భారం వంపును పెంచుతుంది.

ఎదిగే వయసులో ఉంటే సర్జన్ ఈ సూత్రాన్నే తిరగేసి వాడుకుంటాడు. మోకాలి లోపలివైపు ఎదుగుదల పలకకు అడ్డంగా రెండు స్క్రూలతో చిన్న ప్లేటు బిగిస్తాడు. ఆ వైపు ఎదుగుదల తాత్కాలికంగా ఆగుతుంది, బయటివైపు ఎదిగి కాలు నెమ్మదిగా తిన్నబడుతుంది. ఎదుగుదల ముగిసినవారికి ఎముకనే కోసి, గీతను సరిచేసి, ప్లేటుతో బిగించాలి.

ఆ ప్లేటు ఏ లోహంతో చేసిందన్నది చిన్న విషయం కాదు. గట్టి ఎముక బిగువు, అంటే భారానికి వంగకుండా, సాగకుండా నిలిచే గుణం, దాదాపు 17 నుంచి 20 గిగాపాస్కల్స్. టైటానియం మిశ్రమానిది సుమారు 110, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది 190కి పైనే. పక్కన బిగువైన లోహం ఉంటే భారాన్ని ఎక్కువగా అదే మోస్తుంది. భారం తగ్గిన ఎముక పలచబడుతుంది. మోసే భారాన్ని బట్టే ఎముక తనను తాను మలుచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. అందుకే ఇంప్లాంట్లకు ఉక్కు కంటే ఎముక బిగువుకు దగ్గరగా ఉండే టైటానియం వైపు చాలామంది మొగ్గుతున్నారు.

ఫ్లోరైడ్ పట్టిన ఎముకకు స్క్రూ బిగించడం మరో పరీక్ష. పైపొర దట్టంగా ఉండి డ్రిల్ ముక్కు తేలిగ్గా దిగదు. బలంగా నొక్కి తిప్పితే రాపిడికి వేడి పుడుతుంది. ఎముక వేడి 47 డిగ్రీల సెల్సియస్‌కు చేరి ఒక్క నిమిషం అలాగే ఉంటే చుట్టూ ఉన్న కణాలు చచ్చిపోతాయి, స్క్రూ వదులవుతుంది. అందుకే పదునైన కొత్త ముక్కుతో, చల్లటి సెలైన్ పోస్తూ, ఆగి ఆగి తొలవాలి. స్క్రూ ఎక్కించే ముందు మర కోయకపోతే పెళుసు ఎముక బీట వారే ప్రమాదం ఉంది.

వెన్నెముకలో పని మరీ సున్నితం. వెన్నుపూసలను కలిపే లిగమెంట్లు ఎముకగా మారి వెన్నుపాము దారిని ఇరుకు చేస్తాయి, కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి. హైదరాబాద్‌కు చెందిన నాడీ శస్త్రవైద్యుడు డాక్టర్ డి. రాజారెడ్డి ఈ రోగులను దశాబ్దాల పాటు పరిశీలించి రాశారు. రాయిలా గట్టిపడిన ఎముకను వెన్నుపాముకు తగలకుండా పొరపొరగా అరగదీసి తీయాలి. ఎంత నేర్పుగా చేసినా, ముందే దెబ్బతిన్న నాడి పూర్తిగా కోలుకుంటుందన్న హామీ లేదు.

కాబట్టి ఈ జబ్బుకు అసలు చికిత్స ఆపరేషన్ థియేటర్‌లో లేదు, నీటిలో ఉంది. 1975లో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిని గిలకొట్టి, తేరనిచ్చి, వడగట్టడమే ఆ పద్ధతి. అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. జిల్లాకు మాత్రం కృష్ణా నీళ్లు కావాలని దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి ఏళ్ల తరబడి పోరాడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది అభ్యర్థులు నిలబడి దేశం దృష్టిని ఇటు తిప్పారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద నది నీళ్లు పైపుల్లో ఊళ్లకు చేరాయి.

ఈ నీళ్లు తాగి పెరిగే పిల్లల ఎముకలు కాపాడుకోగలిగినవే. పెద్దల ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ మాత్రం పాత ఎముక అరిగి కొత్తది వచ్చే కొద్దీ ఏళ్ల మీద గానీ తగ్గదు. అందుకని నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి కీళ్లనొప్పితో, విరిగిన ఎముకతో వచ్చిన మనిషిని చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారని డాక్టర్ అడగాలి, డాక్టర్ అడగకపోయినా రోగి చెప్పాలి. చేనికాడి బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా తాగడానికీ వంటకూ వాడొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైపోయే కొద్దీ గిన్నెలో ఇంకా చిక్కబడుతుంది.