మనస్సు నిలవని పిల్లలు

ఉపాధ్యాయుడు నల్లబల్లమీద లెక్క వేస్తున్నాడు. తరగతిలోని పిల్లలందరూ దానిని ఎక్కించుకుంటున్నారు. మూడవ వరుసలోని ఒక బాలుడు మాత్రం మొదటి రెండు మెట్లు వ్రాసి, కిటికీ అవతల వేపచెట్టుమీద వాలిన కాకిని చూస్తున్నాడు. పేరుపెట్టి పిలిస్తే ఉలిక్కిపడతాడు. ఇంటిపని చేసి కూడా పుస్తకం ఇంటివద్దనే మరచి వస్తాడు. జవాబు తెలిసినప్పుడు ప్రశ్న పూర్తికాకముందే అరుస్తాడు. "తెలివి వుంది, శ్రద్ధ లేదు" అని అతని ప్రోగ్రెసు కార్డుమీద ఏటేటా వ్రాస్తారు. కొన్నేళ్ళకు ఆ బాలుడు కూడా ఆ మాటనే నమ్ముతాడు.

ఇట్టి పిల్లలందరూ సోమరులు కారు. వారిలో కొందరికి వున్నది అవధానలోప అతిచలన రుగ్మత. వైద్యులు దీనిని క్లుప్తంగా ఎ.డి.హెచ్.డి. అంటారు. అనేక దేశాలలో జరిగిన పరిశోధనలను కలిపి 2007లో లెక్కకట్టినప్పుడు, పిల్లలలో నూటికి సుమారు 5 గురికి ఇది వున్నట్లు తేలింది. అంటే 40 మంది వున్న తరగతిలో సగటున ఇద్దరు.

అవధానం అంటే ఏమిటి?

తెలుగువారికి అవధానమనే మాట కొత్తది కాదు. అష్టావధానంలో ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుని పని అవధాని ధ్యాసను మళ్ళించడమే. అవధాని ఆయనకు ఒక చమత్కారం విసిరి, తాను వదలిన పద్యపాదం వద్దకు తిరిగి వస్తాడు. చివరకు పద్యాలన్నీ ధారణ చేస్తాడు.

ఇందులో మూడు శక్తులు కనిపిస్తాయి: అడ్డువచ్చినదానిని ప్రక్కకు నెట్టడం, చేస్తున్నదానిని మనస్సులో నిలుపుకోవడం, వదలినచోటికి తిరిగి రావడం. ఇవి అవధానికే కాదు, భిన్నాల లెక్క చేసే విద్యార్థికి కూడా కావాలి. ఎ.డి.హెచ్.డి. వున్న బాలునికి అప్రస్తుత ప్రసంగం రోజంతా సాగుతూనే వుంటుంది. దానిని ఆపే శక్తి అతనిలో తోటివారికన్న తక్కువ.

అయితే ఆ బాలుడే తనకు నచ్చిన ఆటలో గంటలకొద్దీ మునిగిపోతాడు. అది చూసి పెద్దలు "ఇష్టమైనదానికి మాత్రం శ్రద్ధ వస్తుంది" అని నిష్ఠూరమాడతారు. కొత్తదనమూ, వెంటనే దొరికే ఫలితమూ వున్న పని మనస్సును తానే పట్టి వుంచుతుంది. అవి లేని పనికి మనిషి లోపలినుండి పట్టు తెచ్చుకోవాలి. ఆ పట్టే ఇక్కడ బలహీనం. కనుక లోపించినది అవధానం కాదు, దానిని కావలసిన చోటికి త్రిప్పే అదుపు.

మెదడులోని తేడా

మెదడు లలాట భాగం మన తొందరపాటును అణచి, పనులను వరుసలో పెడుతుంది. దాని పనికి డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు ముఖ్యం. ఇవి ఒక నాడీకణంనుండి మరొకదానికి వార్తలను చేరవేస్తాయి. ఎ.డి.హెచ్.డి.లో ఈ ఏర్పాటు పనిచేసే తీరు కొంత వేరుగా వుంటుంది.

2007లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో పిల్లల మెదళ్ళను పలుమార్లు చిత్రించి, పైపొర అయిన వల్కలం మందాన్ని కొలిచారు. ఆ పొర గరిష్ఠమైన మందానికి చేరే మధ్యస్థ వయస్సు మామూలు పిల్లలలో సుమారు 7.5 ఏళ్ళు కాగా, ఎ.డి.హెచ్.డి. వున్నవారిలో 10.5 ఏళ్ళు. ఎదుగుదల క్రమం ఒకటే, ఆలస్యమే తేడా.

ఇది చాలవరకు వంశపారంపర్యం. కవలలపై జరిపిన పరిశోధనలనుబట్టి, ఈ లక్షణాలలో మనిషికీ మనిషికీ వుండే తేడాలో సుమారు నాలుగింట మూడు వంతులు జన్యువులకు సంబంధించినదే. తల్లిదండ్రుల గారాబం దీనికి కారణం కాదు.

తెలిసిన చరిత్ర

స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే ఒకే విషయంపై మనస్సు నిలపలేని స్థితిని వర్ణించాడు. 1902లో లండన్‌లో జార్జి స్టిల్ అనే పిల్లల వైద్యుడు, బుద్ధిమాంద్యం లేకపోయినా నిగ్రహం లేని పిల్లలనుగురించి ఉపన్యాసాలిచ్చాడు. దానిని ఆయన నైతిక నిగ్రహ లోపమన్నాడు. ఆ మాటలోని నింద చాలాకాలం నిలిచిపోయింది. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ, బెంజెడ్రిన్ అనే ఉత్తేజక ఔషధాన్ని 30 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే, సుమారు సగంమంది బడిపనిలో గణనీయంగా మెరుగుపడ్డారు. 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథంలో "అవధాన లోపం" అనే పేరు చేరింది.

నిర్ధారణ ఎవరి పని?

కుదురుగా కూర్చోని ప్రతి పిల్లవానికీ ఈ రుగ్మత వున్నదనుకోరాదు. 2013నాటి ప్రమాణాల ప్రకారం లక్షణాలు 12 ఏళ్ళ వయస్సుకు ముందే కనిపించాలి. కనీసం 6 నెలలు వుండాలి. బడిలోనూ ఇంటిలోనూ, అంటే ఒకటికి మించిన చోట్ల, కనిపించాలి. జీవితానికి ఆటంకం కావాలి. చూపు, వినికిడి, నిద్రలేమి, ఇంటి కలతలవంటి ఇతర కారణాలనుకూడ వైద్యుడు పరిశీలించాలి. పేరు పెట్టడం ఉపాధ్యాయుని పని కాదు. కాని ఆయన చూసినది చూసినట్లు చెప్పే మాట వైద్యునికి ఎంతో అవసరం. అల్లరి చేయక ఊహలలో తేలిపోయే బాలికలు తరచు ఎవరి దృష్టికీ రారు. వారిని ప్రత్యేకంగా గమనించాలి.

మందు, శిక్షణ

మిథైల్‌ఫెనిడేట్‌వంటి మందులు చాలామందికి మేలు చేస్తాయి. అవి పనిచేసినంతసేపే ఫలితం, రుగ్మతను మాన్పవు. ఆకలి, నిద్ర తగ్గవచ్చు. కనుక వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. 1999లో అమెరికాలో 579 మంది పిల్లలపై 14 నెలలు సాగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ముఖ్య లక్షణాలకు, జాగ్రత్తగా నడిపిన మందు ప్రవర్తనా శిక్షణకన్న ఎక్కువ ఉపకరించింది. కాని మరికొన్నేళ్ళకు చికిత్సల మధ్య తేడాలు సన్నగిల్లాయి. చాలామందిలో లక్షణాలు పెద్దయ్యాక కూడా కొంత మిగిలే వుంటాయి. అందువల్ల దీనితో బ్రతకడం నేర్చుకోవడం తప్పదు.

తరగతిలో చేయదగినవి

లోపల లేని పట్టును బయట కల్పించడమే మూలసూత్రం. బాలుని కిటికీకి దూరంగా, ముందు బల్లమీద కూర్చోబెట్టాలి. ఒకసారి ఒకే సూచన ఇచ్చి, దానిని అతనిచేత తిరిగి చెప్పించాలి. 12 లెక్కలు ఒకేసారి ఇచ్చేబదులు మూడేసి ఇచ్చి, ప్రతి మూడింటికీ చూసి ఒక మంచిమాట చెప్పాలి. నెల తరువాత వచ్చే బహుమతికన్న ఆ క్షణపు మెప్పుకే బలమెక్కువ. మధ్యలో సుద్దముక్కలు తేవడం, పుస్తకాలు పంచడంవంటి పనులు అప్పగిస్తే కాళ్ళకు కదలిక దొరుకుతుంది. ఆటల పీరియడు రద్దుచేయడం శిక్షగా పనికిరాదు. అతనికి అది మందువంటిది.

విద్యార్థి తానుగా చేయదగినవి

జ్ఞాపకాన్ని తలలో కాక కాగితంమీద వుంచాలి. ఇంటిపనికి ఒకే పుస్తకం, దానికి ఒకే చోటు. సంచి రాత్రే సర్ది గుమ్మంవద్ద పెట్టాలి. పని మొదలుపెట్టేముందు ఎంతసేపు పడుతుందో అంచనా వ్రాసి, తరువాత గడియారంతో సరిచూడాలి. 10 నిమిషాలనుకున్నది 25 నిమిషాలు పట్టిందని నాలుగుసార్లు చూసినవాడు అయిదవసారి ముందుగానే మొదలుపెడతాడు. చదువుతుండగా వేరే ఆలోచన వస్తే ప్రక్కనున్న చీటీమీద ఒక్కమాట వ్రాసి పాఠానికి తిరిగి రావాలి. అప్రస్తుత ప్రసంగానికి అవధాని చేసేది కూడా ఇదే. వేళకు నిద్ర, రోజూ ఆటపాటలు తప్పనిసరి.

అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌కు 9వ ఏట ఈ రుగ్మత నిర్ధారణ అయింది. 2004నుండి 2016వరకు ఒలింపిక్ క్రీడలలో ఆయన 28 పతకాలు, అందులో 23 స్వర్ణాలు గెలిచాడు. అందరూ ఫెల్ప్స్ కానక్కరలేదు. అయితే ఈతకొలనులో వున్న వాటిని గమనించాలి: నియమిత వేళ, చిన్న గమ్యాలు, అప్పటికప్పుడు తెలిసే ఫలితం, వెన్నంటి వుండే గురువు. ఇవి బడిలోకూడ ఏర్పరచదగినవే.

"శ్రద్ధ లేదు" అన్న మాటవల్ల ఎవరికీ దారి తెలియదు. "మూడేసి లెక్కలు ఇస్తే పూర్తిచేస్తున్నాడు" అని ప్రోగ్రెసు కార్డుమీద వ్రాస్తే తండ్రికి చేయవలసినది తెలుస్తుంది, పై తరగతి ఉపాధ్యాయునికి తెలుస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా, తాను చేయగలనని ఆ బాలునికి తెలుస్తుంది.