పాలపళ్ళు వచ్చే వేళ

"పళ్ళు వస్తున్నాయి బాబూ, విరేచనాలు మామూలే. చిగుళ్ళకేదైనా ఇవ్వు."

నా వృత్తి తొలినాళ్ళలో ఒక బామ్మగారు తొమ్మిది నెలల మనుమణ్ణి తెచ్చి అన్న మాట ఇది. నేనూ సరేనని తేనెలో చూర్ణం రంగరించబోయాను. ఇంతలో మా గురువుగారు వచ్చి, పసివాడి పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. ఉదయం నుంచి మూత్రం లేదు. తక్షణమే ఆసుపత్రికి పంపించారు. బిడ్డ దక్కాడు. ఆ రాత్రి గురువుగారు, "వాగ్భటుణ్ణి సగమే చదివావు" అని నన్ను మందలించారు.

దంతోద్భేదం సర్వరోగాలకూ కారణమని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో చెప్పిన మాట అందరికీ గుర్తే. పళ్ళు వచ్చాక ఆ బాధలు వాటంతటవే శమిస్తాయి గనుక శిశువును అతిగా కట్టడి చేయరాదని ఆయనే చెప్పిన మాటను మాత్రం మరచిపోతాము.

సహజ లక్షణాలు

సాధారణంగా ఆరవ నెల ప్రాంతంలో కింది ముందుపళ్ళు రెండూ తలెత్తుతాయి. కొందరికి ముందుగాను, కొందరికి ఏడాది నిండాకను వస్తాయి. దాదాపు మూడేళ్ళకు 20 పాలపళ్ళూ పూర్తవుతాయి. చొంగ కారడం, చిగురు ఉబ్బడం, చేతికందినది కొరకడం, చికాకు, కొద్దిపాటి నిద్రలేమి సహజమే. 100.4 డిగ్రీల ఫారన్‌హీటు, అంతకు మించిన జ్వరం, నీళ్ళ విరేచనాలు, వాంతులు మాత్రం పళ్ళవల్ల వచ్చేవి కావు. ఈ వయసులో తల్లి నుంచి సంక్రమించిన రోగరక్షణ తగ్గుతుంది. నేలమీది ప్రతి వస్తువూ నోటికి చేరుతుంది. వ్యాధికి మూలం అక్కడే ఉంటుంది.

ఉపశమన మార్గాలు

చేతులు సబ్బుతో కడుక్కొని, గోరు తీసిన వేలితో చిగుళ్ళను ఒకటి రెండు నిమిషాలు మృదువుగా రుద్దండి. శుభ్రమైన నూలుగుడ్డను కాచి చల్లార్చిన నీటిలో తడిపి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, మీ కళ్ళెదుటే నమలనివ్వండి. గడ్డకట్టిన గుడ్డ పనికిరాదు. చొంగను ఎప్పటికప్పుడు అద్ది తుడవండి. అడిగినప్పుడల్లా చనుబాలివ్వండి. తల్లి ఒడిని మించిన ఔషధం లేదు.

కూడని పనులు

మా గురుకులంలో శిశు ఔషధాలకు తేనె ముఖ్య అనుపానం. నేనూ ఎన్నో ఏళ్ళు ఇచ్చాను. ఏడాది నిండని శిశువుకు తేనెవల్ల బొటులిజం అనే కండరాలను చచ్చుబరచే వ్యాధి రాగలదని తెలిసిన నాటినుంచి మానివేశాను. తప్పు దిద్దుకోవడం శాస్త్రానికి అపచారం కాదు.

లవంగనూనె లేత చిగురును కాలుస్తుంది. తిమ్మిరెక్కించే బెంజోకైన్ జెల్లు రక్తంలో ప్రాణవాయువు ప్రసరణకు అడ్డు రాగలదు. రెండేళ్ళలోపు పిల్లలకు దానిని వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మెడలో పూసలదండలు, నోటికి పచ్చి క్యారెట్ ముక్కలు ఇవ్వవద్దు. అవి గొంతుకు అడ్డుపడగలవు. లోహభస్మాలను సొంతంగా వాడవద్దు.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ద్రావణాన్ని చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. చనుబాలు ఆపవద్దు. మూత్రం తగ్గినా, కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా నా వంటి వారి వద్దకు కూడా రావద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.