మీకు తెలుసా? మధ్యాహ్నం పొంగే వాగులు

మనాలి నుంచి లేహ్‌కు సైకిల్ మీద వెళ్లేవాళ్లు రోడ్డుకు అడ్డంగా పారే వాగులను పొద్దున్నే దాటేయాలని చూస్తారు. ఈ వాగులు పొంగడానికి వానే పడక్కర్లేదు. పగటి ఎండకు కొండల మీది మంచు కరిగి, మధ్యాహ్నానికల్లా నీళ్లు రోడ్డెక్కుతాయి. పొద్దున చీలమండ దాకా ఉన్న నీరు సాయంత్రానికి మోకాలు దాటొచ్చు. సామాను సంచులు కట్టిన సైకిల్‌ను ఆ చల్లటి నీళ్లలో, జారే గుండ్రాళ్ల మీద నెట్టుకెళ్లడం మాటలు కాదు. రాత్రి చలికి మంచు కరగడం తగ్గుతుంది, తెల్లారేసరికి వాగు మళ్లీ దారిస్తుంది.

ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ తంగ్‌లంగ్ లా, 5,300 మీటర్ల పైమాటే. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు సగం. అందుకే 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు వైద్యులు. పగలు కనుమ ఎక్కి దిగినా లెక్కలోకి వచ్చేది పడకే. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇక పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగాల్సిందే, పట్టుదలలు పనికిరావు.

వంటకూ తిప్పలే. 4,500 మీటర్ల ఎత్తున నీళ్లు 85 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే మిగులుతుంది. మనవాళ్లకు అది మామూలు కష్టమా!

ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు ఎదురుగాలికి ఒళ్లు కొరికేస్తుంది. టూర్ ద ఫ్రాన్స్ పందెగాళ్లు దీనికి ఏనాడో విరుగుడు కనిపెట్టారు: కొండ కొసన ఒక న్యూస్‌పేపర్ అందుకుని, జెర్సీ లోపల ఛాతీకి అడ్డంగా దోపుకోవడం.